ఒడిబియ్యం నాడు పేషీ

శ్రావణం వచ్చి వారం కాలేదు. మంగళవారం పొద్దున దుర్గాబాయి వాకిట్లో సాన్పి చల్లి, ముగ్గు పెట్టి, స్నానం చేసి, దేవుడి గూట్లో దీపం ముట్టించింది. దండం పెట్టుకున్నాక ఎప్పటిలా పొయ్యి దగ్గరికి పోలేదు. లక్ష్మీదేవి పటం వెనక నుంచి మడత పెట్టిన కాగితం తీసి, పెదవులు కదుపుతూ చదవసాగింది.

"ఏందే, కొత్త మంత్రం పట్టినవా?" అన్నాడు భర్త కుర్మయ్య, ముందుగదిలో కుట్టుమిషనుకు నూనె పోస్తూ.

"మంత్రం కాదు బాపు, శుక్కురారం కోర్టు పేషీల చెప్పే మాటలు," అంది కూతురు సుస్మిత డబ్బాలో అన్నం సర్దుకుంటూ. తుర్కపల్లిలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని ఆమెది. ఏడింటికల్లా కంపెనీ బండి మేడ్చల్ చౌరస్తాకు వస్తుంది. "గట్టిగ చదువమ్మా, వింట."

దుర్గాబాయి గొంతు సవరించుకుంది. "అయ్యా, నేను దుర్గాబాయిని. ఈ దావా వేసింది నేనే. నాకు వకీలు లేడు. నా మాట నేనే చెప్పుకుంటాను."

"వకీలు లేని దావా! నేను జాకెట్టు బట్ట కత్తిరించిచ్చి, ఇగ నువ్వే కుట్టుకో అంటే ఊకుంటరా జనం?"

"కుట్టుకూలి లేనోళ్లు కుట్టుకుంటరు బాపు," అని నవ్వుతూ సుస్మిత చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

తుర్కపల్లి దగ్గరి రెండెకరాల చెలక దుర్గాబాయి తండ్రి రెక్కల కష్టంతో కొన్నది. ఏ కాగితమూ రాయకుండానే ఆయన కన్నుమూసి ఐదేళ్లు. పిల్లలు ఇద్దరే, దుర్గాబాయి, తమ్ముడు లక్ష్మణ్. చుట్టూ కంపెనీలు లేచి చెలక ధర పెరిగాక లక్ష్మణ్ మొత్తం తన పేరున చేయించుకుని బేరం పెట్టాడు. నా పాలు నాకియ్యిరా అని అక్క అడిగితే, ఆడివిల్లకు పొలమేందని నవ్వాడు. ఆ నవ్వుకే దుర్గాబాయి కోర్టు మెట్లెక్కింది. మొదట అడిగిన వకీలు, గెలిస్తే వచ్చే దాంట్లో నాలుగో వంతు తనకు రాయమన్నాడు. అప్పుడే సుస్మితకు యాప్రాల్‌లో ఉండే సుందరమ్మ మేడం సంగతి తెలిసింది.

మేడం పూర్తి పేరు బాలాత్రిపురసుందరి. గోదావరి జిల్లా ఆవిడ. పదేళ్లు కోర్టులో వాదించింది. అత్తగారు పక్షవాతంతో మంచాన పడ్డాక రోజూ కోర్టుకు పోయే వీలు లేక, ఇంటి ముందుగదిలోనే బల్ల వేసుకుంది. వకాలత్ తీసుకోదు. అర్జీ రాసిపెడుతుంది, ఏ కాగితం జతచేయాలో చెబుతుంది, జడ్జి ముందు ఎలా మాట్లాడాలో కూర్చోబెట్టి నేర్పుతుంది. ఏ పనికి ఆ పనికే ఫీజు, అదీ పేదవాళ్లు ఇచ్చుకోగలిగినంత.

"కాగితం వరకే నేనమ్మా, కోర్టులో మీరే," అని మొదటి రోజే చెప్పిందావిడ. "మీ పేరు పిలిచినప్పుడు పలకడానికి మీరు తప్ప ఇంకెవరూ ఉండరు. ఏ వాయిదాకీ వెళ్లకుండా ఉండకండి."

ఆవిడ రాసిన అర్జీ మీదే, దావా తేలేదాకా పొలం అమ్మకూడదని స్టే వచ్చింది. ఆ రోజు దుర్గాబాయి ఎల్లమ్మకు శాక పోసి మొక్కు తీర్చుకుంది.

ఇప్పుడు కాగితం మళ్లీ పటం వెనక పెడుతుంటే వాకిట్లో మోటారు సైకిలు ఆగింది. దిగినవాడు లక్ష్మణ్. చేతిలో అరటిపండ్ల అత్తం, పసుపు కుంకుమ పొట్లం. ఏడాదిన్నరగా ఈ గడప తొక్కని మనిషి.

"అక్కా, మంచిగున్నవా?"

దుర్గాబాయి అతని చేతిలోని పొట్లం వైపే చూసింది. కుర్మయ్య మాత్రం మిషను చక్రం ఆపకుండానే, "ఏం లక్ష్మణ్, తొవ్వ తప్పినవా?" అన్నాడు.

"తిట్టు బావా, పడతా. కోర్టుది కోర్టుది, ఇంటిది ఇంటిది. నాయిన పోయినప్పటి సంది అక్కకు ఒడిబియ్యం పొయ్యలే. బాలమణి రోజూ గదే అంటాంది, ఇంటి ఆడివిల్లకు పొయ్యకుంటే మనకు మంచిగ కాదని. అయ్యగారిని అడిగిన. శుక్కురారం మంచిగుందన్నడు."

"శుక్కురారం పేషీ గద రా," అంది దుర్గాబాయి మెల్లగా.

"నాకెర్క లేదా? నా వకీలుతోని మాట్లాడిన. ఇయ్యాల అక్క వస్తలేదు, వాయిదా ఏయుండ్రి అని ఆయనే జడ్జికి చెప్తడు. నువ్వు పరేషాన్ కాకు. ఇగ రానంటవా, నీ ఇష్టం. ఒడిబియ్యం వద్దన్నదని ఊరంతా అంటది, గంతే."

ఒడిబియ్యం వద్దనడం అంటే ఏమిటో అక్కడున్న ముగ్గురికీ తెలుసు. పుట్టింటివాళ్లు పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, వక్కలు, రవిక గుడ్డ ఒళ్లో పోసి, నీ పసుపు కుంకుమలు చల్లగుండాలని దీవించే పండుగ అది. వద్దంటే మొగుడి ఆయుష్షుకే గొడ్డలిపెట్టు అనుకుంటారు. దుర్గాబాయి కుర్మయ్య వైపు చూసింది. కుర్మయ్య చక్రం వైపు చూశాడు.

రాత్రి సుస్మిత ఒకటే పోరు. "మామ మాట నమ్ముతవా? మేడంకు ఒక్క ఫోన్ చెయ్యమ్మా."

"ఏమని చెయ్యాలె? ఆమె కాగితాల మందమే. సలహా అడిగితే సలహాకు ఫీజు. గింత దానికి మళ్ల ఆమెకేం ఇస్తం?" అంది దుర్గాబాయి. కూతురి ముఖం చూడకుండా అంది.

శుక్రవారం తమ్ముడింట్లో పీట మీద తూర్పు ముఖంగా కూర్చుంది. ఆకుపచ్చ చీర పెట్టారు. మరదలు బాలమణి దోసిళ్లతో బియ్యం పోస్తుంటే, పక్కింటి సత్యమ్మ పాట ఎత్తుకుంది. ఒడి బరువెక్కింది. తండ్రి పోయాక ఈ ఇంట్లో తనకు పీట వేస్తారని దుర్గాబాయి అనుకోలేదు. కళ్లు తుడుచుకుంటుంటే బాలమణి, "ఏడువకు వదినా, ఒడి నిండినప్పుడు ఏడువొద్దు," అని తనూ ఏడ్చింది.

లక్ష్మణ్ మాత్రం గంటకు నాలుగుసార్లు ఫోను పట్టుకుని వాకిట్లోకి పోయాడు.

ఆదివారం ఆ బియ్యం వండి, పరమాన్నం చేసి, వాడకట్టు ఆడవాళ్లనందరినీ పిలిచి పెట్టింది. సోమవారం పొద్దున తరువాతి తారీఖు కనుక్కుందామని కోర్టుకు పోయింది. గుమాస్తా రిజిస్టరు తిప్పి, వేలు ఒకచోట ఆపాడు.

"మూడుసార్లు పిలిచినమమ్మా. నువ్వు లేవు. అవతలి వకీలు ఉన్నడు. దావా కొట్టేసిండ్రు."

"వాయిదా అడుగలేదా సారు ఆయన?"

"ఎవలు?" అన్నాడు గుమాస్తా. "వాళ్లెందుకడుగుతరు?"

"మరి స్టే?"

"దావానే లేదు, స్టే ఏడికెళ్లుంటదమ్మా?"

ఇల్లు చేరేసరికి కుర్మయ్యకు సంగతి తెలిసిపోయింది. మేడ్చల్ ఎంత ఊరని!

"మస్తు తిన్నరు గద వాడకట్టోళ్లంత! పరమాన్నం కాదే, నీ ఎకరం వండిపెట్టినవ్!" అని అరిచాడు.

"మంగళవారం నాడు నీ నోరేమైంది?" దుర్గాబాయి తిరగబడింది. "మిషను దిక్కు చూసుకుంట కూసున్నవ్. నీ ఆయుష్షు మాట రాంగనే నీకూ భయమైంది. అవునా, కాదా?"

ఆ సాయంత్రం ముగ్గురూ యాప్రాల్ పోయారు.

సుందరమ్మ అత్తగారికి జావ తాగించి, చేతులు కడుక్కుని వచ్చింది. అంతా విన్నాక తల పట్టుకుంది. "ఒక్క ఫోను చేస్తే సరిపోయేది కదమ్మా. మీ ఎదుటి పక్షం లాయరు మీ కోసం వాయిదా అడుగుతాడా?"

దుర్గాబాయి దుఃఖం కోపమై పొంగింది. "నీకేం మేడం, కుర్సీల కూసోని చెప్తవ్. సగం దూరం చెయ్యి పట్టి నడిపిచ్చి, నది నడుమ ఇడిసిపెట్టుడేనా సాయమంటే? నువ్వే వకీలువైతే ఆనాడు నువ్వు పలికేదానివి. నా పాలు దక్కేది."

"అమ్మా!" అని సుస్మిత చెయ్యి పట్టుకుంది.

"అననివ్వమ్మా," అంది సుందరమ్మ. "ఈ బల్ల కూడా లేకపోతే మీకు ఆ స్టే కూడా వచ్చేది కాదు. అది నిజం. మీరన్నదీ నిజమే. ఫోనులో అడిగే మాటకు ఫీజు ఉండదని నేను మీకు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. అది నా తప్పు."

లోపలి గదిలోంచి ముసలావిడ మూలుగు వినిపించింది. సుందరమ్మ లేచి వెళ్లి, పక్కకు తిప్పి పడుకోబెట్టి వచ్చింది.

"ముప్పై రోజుల్లో మళ్లీ అర్జీ వేసుకోవచ్చు. దావా తిరిగి తీసుకోమని, స్టే కూడా ఇమ్మని. మీ తమ్ముడు ఇంకా కొనేవాళ్లకు రిజిస్ట్రేషన్ చేయించలేదంటున్నారు కాబట్టి రేపే వేద్దాం. కానీ ఆ రోజు ఎందుకు రాలేదో ప్రమాణం చేసి రాయాలి."

"జరమొచ్చిందని రాయి మేడం. డాక్టరు చీటీ నేను తెస్త. లోకమంతా గట్లనే రాస్తది," అన్నాడు కుర్మయ్య.

"అబద్ధమని తెలిసి నేను రాయను. నిజం రాస్తే మీ తమ్ముడి పేరు కాగితంలోకి ఎక్కుతుందమ్మా. ఆ తర్వాత ఆ ఇంటికి రాకపోకలుంటాయో ఉండవో. మీరే చెప్పాలి."

దుర్గాబాయి తన చేతుల వైపు చూసుకుంది. రోజూ దీపం ముట్టించే చేత్తో దొంగ ప్రమాణం మీద సంతకం ఎలా పెడుతుంది? మరి, పుట్టింటి పరువు బజారున పెట్టే నిజం మాత్రం దేవుడికి ఇష్టమేనా? దేవుడు రెండింటికీ పలకలేదు. చివరికి తనే, "ఉన్నదే రాయి మేడం," అంది.

పది రోజులకు అర్జీ పిలుపుకొచ్చింది. ఆవేళ ఎనిమిదింటికే పోయి కోర్టు గుమ్మం దగ్గర కూర్చుంది దుర్గాబాయి. పేరు పిలవగానే, "ఉన్న సారూ," అని ముందుకు నడిచింది. అవతల లక్ష్మణ్, అతని వకీలు. వెనక బెంచీ మీద బాలమణి.

"ఇది కుట్ర కాదు సార్, పండుగ," అన్నాడు వకీలు. "అన్నదమ్ములు ఒడిబియ్యం పోస్తే అదీ నేరమేనా? వాయిదా వేయిస్తానని నా క్లయింటు ఎప్పుడూ అనలేదు."

జడ్జి దుర్గాబాయి వైపు చూశాడు. "ఏమ్మా? ఏమంటావు?"

సుందరమ్మ నేర్పిన మాటలు ఒక్కటీ నోటికి రాలేదు.

"అన్నడు సార్. మా ఇంట్ల నిలవడి అన్నడు."

"నువ్వు నమ్మావా?"

చిన్న ప్రశ్న. అవునంటే పని అయిపోతుంది. వెనక బెంచీ మీద సుస్మిత ముందుకు వంగింది.

"సగం నమ్మిన సార్. తక్కిన సగం, నమ్మాలె అనుకున్న. నా బిడ్డ మేడంకు ఫోన్ చెయ్యమన్నది. ఫీజైతదన్న. అది సాకు సార్. ఫోన్ చేస్తే పోవద్దంటదని నాకెర్కనే. ఐదేండ్ల సంది నన్నా ఇంటికి ఎవ్వలు పిలువలే. ఆ పీట మీద ఒక్కసారి కూసోవాలె అనిపిచ్చింది. అందుకే పోయిన. తప్పు నాదే. నా తప్పుకు మా నాయిన కష్టం పోగొట్టకుండ్రి."

బాలమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జడ్జి కళ్లద్దాలు తీసి లక్ష్మణ్‌ను పిలిచాడు.

"నువ్వు చెప్పు. వాయిదా వేయిస్తానన్నావా, లేదా?"

వకీలు ఏదో అనబోయాడు. జడ్జి చెయ్యి చూపి ఆపాడు. లక్ష్మణ్ అక్క వైపు చూడలేదు. వెనక బెంచీ మీది భార్యను చూశాడు. ఆమె కళ్లలో ఏం కనిపించిందో గాని, అతని తల వాలిపోయింది.

"అన్న సార్," అన్నాడు.

దావా తిరిగి నంబరుకెక్కింది. స్టే మళ్లీ వచ్చింది. సెప్టెంబరుకు తారీఖు వేశారు.

బయట మెట్ల మీద దుర్గాబాయి కూలబడింది. గెలిచినట్టు లేదు. ఎవరో పోయినట్టుంది. బాలమణి వచ్చి ఆమె పాదాల దగ్గర కూర్చుంది. "నాకెర్క లేదు వదినా. నా చేతులతోనే పోపిచ్చిండు. నా కడుపు మండుతాంది." దుర్గాబాయి ఆమె తల మీద చెయ్యి వేసింది.

లక్ష్మణ్ దూరంగా నిలబడి, చివరికి దగ్గరికొచ్చాడు. "అందరి ముందట నన్ను దొంగను జేసినవక్కా."

"నిన్ను దొంగ అనలేదు రా. నా ఆశ చెప్పుకున్న," అంది. "నువ్వు అడ్వాన్సు తిన్నవో, అప్పులున్నయో, నాకేమెర్క? ఒక్కనాడన్న అక్కా గిదీ సంగతి అని వచ్చి చెప్పినవా? బియ్యం పట్టుకోని వచ్చినవ్. నా పాలు నాకు కావాలె. నా తల్లిగారిల్లు నాకు కావాలె. రెండు ఒక్కతాన ఎందుకు దొరకయి రా లక్ష్మణ్?"

అతను మెట్టు మీద కూలబడ్డాడు. ముఖం మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఓదార్చాలనిపించింది దుర్గాబాయికి. చెయ్యి లేవలేదు. దేవుడా, నిజం చెప్పినందుకు ఇంత బరువా అనుకుంది.

చాలాసేపటికి లేచి నిలబడింది.

"వచ్చే పేషీకి నువ్వొక్కనివే రా. వకీలు ఎందుకు? నా దిక్కు నేను చెప్త, నీ దిక్కు నువ్వు చెప్పు. మొకాలు చూసుకోని చెప్పుకుందాం. జడ్జి వింటడు. నాయిన కూడా వింటడు."

లక్ష్మణ్ తల ఎత్తలేదు. మోకాళ్ల మధ్య నుంచే, ఎంతో చిన్నగా, "వస్తనక్కా," అన్నాడు.

ఆ మాటను ఈసారి ఎంత నమ్మాలో దుర్గాబాయికి తెలియలేదు. కళ్లు తుడుచుకుని, కూతురి చెయ్యి పట్టుకుని, మేడంకు ఫోను చేయడానికి రోడ్డు మీది కాయిన్ బాక్సు వైపు నడిచింది.