కాఫీ చెట్ల మీద దొండతీగ

పొద్దున్నే కాస్త ఉప్మా తినేసి గిరిజ గ్లవ్స్ తొడుక్కుంది. మొన్న కలుపు తీసిన వరసలో అప్పుడే మళ్ళీ పచ్చగా మొలిచింది. అమెరికాలోనే శాన్ రామన్ అనే ఊళ్ళో ఉద్యోగాలు మానేసి, హవాయిలో కోనా కొండవాలున ఈ కాఫీ తోట కొన్న దగ్గర్నుంచీ ఆమెకు నడుం నొప్పి లేని రోజు లేదు. ఇక్కడ కలుపు ఏడాది పొడవునా పెరుగుతూనే ఉంటుంది. మందు కొట్టకూడదని భార్యాభర్తలిద్దరూ కలిసే అనుకున్నారు.

"నువ్వు కింది వరసలు చూడు. పైన గడ్డి నేను ట్రిమ్ చేస్తాను" అన్నాడు శశికాంత్. అతని గొంతులోనూ ఓపిక లేదు.

కంచె దగ్గరికి వెళ్ళి గిరిజ నిలబడిపోయింది. నాలుగు కాఫీ చెట్లని దొండతీగ పూర్తిగా కప్పేసింది. లోపల ఆకులు పసుపెక్కి రాలిపోతున్నాయి. ఈ తోటలో అన్నిటికన్నా మొండి కలుపు అదే. దాని మొదలు దగ్గర ఎవరో కర్ర పాతి, చీర పీలికతో కట్టారు. ఆ చీర అత్తగారిది.

ఇంట్లో కృష్ణకుమారి కూరగాయలు తరుగుతోంది.

"అత్తయ్యా, ఆ దొండతీగ మీరే పెంచారా?"

ఆవిడ చెయ్యి ఆగింది. "పిట్టలు వేసిన విత్తనమమ్మా. పీకబుద్ధి కాలేదు."

"నేను రోజూ మోకాళ్ళ మీద పాకుతూ కలుపు పీకుతుంటే, మీరు కలుపుకి కర్ర కట్టారా? నా కష్టం మీకు కనిపించట్లేదా?"

"చెట్ల మీదికి పాకిందని తెలీదే. కాళ్ళ నొప్పులతో ఈమధ్య అటు దిగలేదు." ఆవిడ కళ్ళు దించుకుంది. "మీరిద్దరూ పొద్దున పోతే చీకటి పడ్డాకే వస్తారు. నన్ను రెస్ట్ తీసుకోమంటారు. ఇక్కడ నాకు పేరు తెలిసిన మొక్క అదొక్కటే. వెళ్ళి దానితో నాలుగు మాటలు చెప్పుకునేదాన్ని."

గిరిజ కుర్చీలో కూలబడింది. 'తిన్నారా' అని తప్ప అత్తగారిని ఇంకేదైనా అడిగి ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు. కళ్ళ నీళ్ళు ఆగలేదు.

"మాట్లాడే ఓపిక ఉండట్లేదు అత్తయ్యా."

"తెలుసమ్మా. అందుకే అడగలేదు."

గిరిజ ఆవిడ చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి నడిపించింది. తీగని కృష్ణకుమారే కోసింది. శశికాంత్ వచ్చి దుంపతో సహా తవ్వి తీశాడు. ఆవిడ అక్కడే స్టూల్ మీద కూర్చుని తన అక్క పెళ్ళినాటి సంగతులు మొదలుపెట్టింది. గిరిజ కలుపు పీకుతూ వింటోంది. మధ్యలో ఆవిడ ఆగింది.

"పనికి అడ్డమొస్తున్నానా?"

గిరిజ తల ఎత్తకుండానే అంది. "లేదత్తయ్యా. చెప్పండి, పెళ్ళివారు అలిగాక ఏమైంది?"