గుంతలోకి దిగిన గాలి

తెల్లవారేసరికి వాచ్‌మన్ మొగిలి శవమై ఉన్నాడు.

మూసేసిన బొగ్గుగని ముందరి గుంతలో, మైసమ్మ గద్దె పక్కన, నిద్రపోతున్నట్టే ఉన్నాడు. గాయం లేదు. దగ్గర్లో సగం తిన్న రొట్టె ఉంది.

గని కార్మికుడిగా రిటైరై, గట్టు మీది కొత్త ప్లాంటుకు కాపలా ఉంటున్నాడు మొగిలి. ఆ ప్లాంటు గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి ట్యాంకులో నింపుతుంది. తర్వాత పంపుతో పాత గనిలోకి పంపి దాచేస్తుంది.

"రాత్రి రొట్టె తెచ్చింది మా మెకానిక్ సర్వర్. విషం కలిపి ఉంటడు," అన్నాడు ఇంజినీర్ త్రివిక్రమ్.

సాయంత్రానికి ఖని ఊరంతా అదే మాట. కుండకు మూకుడు పెట్టొచ్చు గానీ లోకం నోటికి పెట్టలేం. దవాఖాన రిపోర్టు వచ్చేలోపే సర్వర్ హంతకుడైపోయాడు.

ఎస్సై అనసూర్య ఇద్దరినీ గుంత దగ్గరికే పిలిపించింది.

"సర్వర్ భాయ్, గొడవ పడ్డరా?"

"లేదు మేడమ్. రోజూ కలిసి తినేటోళ్లం. ఆయనకెవరు లేరు, నాకెవరు లేరు."

"నువ్వు పోయినంక మొగిలి ఫోన్ చేసిండా?"

"చేసిండు. 'తల తిరుగుతుంది భాయ్, గ్యాస్ వచ్చింది, కింద పండుకుంట' అన్నడు. కడుపుల గ్యాస్ అనుకున్న. సోడా తాగి పండుకోమన్న."

అనసూర్య గద్దె వైపు చూపించింది. మైసమ్మ పాదాల దగ్గరి దీపం ఆరిపోయింది, నూనె నిండా ఉంది. గుంత పైన గోడ మీది దీపం నూనె అయిపోయేదాకా వెలిగింది.

"గాలికి ఆరిందేమో," అన్నాడు త్రివిక్రమ్.

"పైదాన్ని ముట్టని గాలి గుంతల దాన్ని ఆర్పిందా సార్? పంపు నడుస్తుందా?"

త్రివిక్రమ్ ఫోన్ తీసి చూసుకోసాగాడు.

"చెడిపోయింది మేడమ్," అన్నాడు సర్వర్.

"మరి ట్యాంకుల గ్యాస్ ఏమైంది?"

"గాలిలోంచి తీసిందే రాత్రి గాలికి వదిలిన. తప్పేముంది?" అన్నాడు త్రివిక్రమ్.

"అది గాలికన్న బరువు సార్. గుంతలకు దిగి దీపాన్ని ఆర్పింది. బొగ్గుగనిల మీథేన్ గ్యాస్ తేలిక, పైకప్పుకు పోతది, అందుకే మొగిలి పాత అలవాటుకొద్దీ కింద పండుకున్నడు. లేచి పైకొస్తే బతికేటోడు. గ్యాస్ సంగతి తెలిసీ మీరు సర్వర్ మీద నెట్టిండ్రు."

కానిస్టేబుల్ త్రివిక్రమ్‌ను జీపెక్కించాడు.

"సర్వర్ భాయ్, నువ్వేం చెయ్యలేదు. ఇంటికి పో."

సర్వర్ కదల్లేదు.

"నేను చంపలేదని ఇంటికి పోయి ఎవరికి చెప్పాలె మేడమ్?"