స్విచ్చుకు రెండో వైపు

"నా కేబుల్ ఎవరు పీకిండ్రు?"

గోపాల్‌రావు కరెంటు సామాన్ల దుకాణం మీది గదిలో వసుధ గొంతు అంత గట్టిగా ఎవరూ ఎప్పుడూ విని ఉండరు. రేగుంట బడిలో వెనక బెంచీలో కూర్చుని, అందరినీ చూస్తూ, ఎవరితోనూ మాట్లాడకుండా చదువుకున్న పిల్ల ఆమె. పెద్దయ్యాక సిరోంచ వచ్చి, బాబాయి వరసయ్యే గోపాల్‌రావు కాక దుకాణం చూసుకుంటూ, దూరాల వాళ్లతో గాలిలో మాట్లాడుకునే హామ్ రేడియో ఆయన దగ్గరే నేర్చుకుంది. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుంది. రోజూ పొద్దున ఏడింటికి డాబా మీది తీగ యాంటెన్నాకు తన రేడియో తగిలించేది. చంద్రపూర్ నుంచి మంచిర్యాల దాకా పదిహేను మంది ఒకరినొకరు పలకరించుకునేవారు. దాన్నే వాళ్లు నెట్ అంటారు.

"పీకలే. జర పక్కకు పెట్టిన," అన్నాడు కిటికీ దగ్గరున్న కొత్త మనిషి.

"పీకుడుకు, పక్కకు పెట్టుడుకు ఫరక్ ఏంది?"

"పీకితే కోపం వస్తది. పక్కకు పెడితే..." ఆమె మొహం చూసి ఆగాడు. "గట్ల పెట్టినా వచ్చినట్టే ఉన్నది."

అతని పేరు మయూర్. చంద్రపూర్‌లో బట్టల దుకాణం నడిపే తెలుగు కుటుంబం వాళ్లది. ఆ వానాకాలం ప్రాణహిత నది నీటిమట్టం కొలిచే తాత్కాలిక ఉద్యోగం మీద వచ్చి, దుకాణం వెనక గదిలో దిగాడు. అతనికీ లైసెన్సు ఉంది, రేడియో ఉంది. లేనిదల్లా యాంటెన్నా. "మాది వాడుకో బిడ్డా," అన్నాడు గోపాల్‌రావు. ఆ మాట వసుధకు చెప్పడం మరిచిపోయాడు.

నాలుగు రోజులు ఒకరు తగిలించింది ఇంకొకరు తీశారు. అయిదో రోజు పొద్దున వసుధ వచ్చేసరికి రెండు రేడియోలకూ కేబుళ్లు తగిలించే ఉన్నాయి. రెంటినీ యాంటెన్నాతో కలుపుతూ మధ్యలో మూడు మూతుల జాయింటు.

"ఇగ లొల్లి లేదు," అన్నాడు మయూర్ గర్వంగా. "మా ఇంట్ల రెండు టీవీలకు గిట్లనే పెట్టిన. కేబుల్ ఒక్కటే, చూసేటోళ్లు ఇద్దరు."

వసుధ ఆ జాయింటు వైపు చూసింది. ఏదో తప్పనిపించింది. కానీ ఏడయింది. మైకు నొక్కి, "గుడ్ మార్నింగ్," అంది.

మయూర్ రేడియోలో టప్‌మని చిన్న చప్పుడు. దీపం వెలుగుతూనే ఉంది, లోపల గాలి శబ్దం కూడా లేదు.

"ఏం జేసినవ్?"

"గుడ్ మార్నింగ్ అన్న."

"నీ గుడ్ మార్నింగ్‌కు నా రేడియోకు చెవుడొచ్చింది!"

గోపాల్‌రావు పైకి వచ్చి, జాయింటు చూసి తల పట్టుకున్నాడు. "టీవీ వింటది గని మాట్లాడదు బిడ్డా. ఇది మాట్లాడుతది. తీగ మీదికెల్లి రేడియో వినేది చినుకంత. పక్కదాని మైకు నొక్కినవనుకో, దీని చెవిల ప్రాణహిత వరద పోసినట్టే."

మయూర్ మొహం చిన్నబోయింది. నవ్వని మయూర్‌ను వసుధ మొదటిసారి చూసింది.

"తప్పు నాది గూడ," అంది నెమ్మదిగా. "జాయింటు చూసినప్పుడే అనుమానమొచ్చింది. చెప్పలే."

అతను తలెత్తి ఆమెను చూశాడు.

ఆ రేడియో విప్పి, కాలిన ముక్కలు మార్చడానికి వారం పట్టింది. అతను అతుకుతుంటే ఆమె టార్చి పట్టుకుంది. ఈలోగా గోపాల్‌రావు పాత పెట్టెలోంచి ఒక స్విచ్చు తీశాడు. అరచేయంత ఇనుప డబ్బా, వెనక మూడు మూతులు, ముందు ఒక పిడి. ఎడమకు తిప్పితే యాంటెన్నా వసుధకు, కుడికి తిప్పితే మయూర్‌కు. ఎవరి వంతు కాదో వాళ్ల రేడియో తీగతో తెగిపోయి, డబ్బా లోపలే ఎర్తుకు కలుస్తుంది. దానికిక వరద భయం లేదు.

"కానీ ఒక్క షరతు," అన్నాడు గోపాల్‌రావు. "పిడి ముట్టేముందు ఇద్దరూ మైకులు కింద పెట్టాలె. నోటితోని చెప్పాలె. మాట్లాడంగ తిప్పినవా, స్విచ్చు కాలుతది, రేడియో కాలుతది."

"కింద పెట్టినవా?"

"పెట్టిన."

రోజుకు పదిసార్లు ఆ మాటే. కొన్నాళ్లకు అది స్విచ్చు దగ్గర ఆగలేదు. టీ గ్లాసు అందిస్తూ ఆమె "పెట్టినవా?" అనేది, చేతిలో ఫోను పక్కనపెట్టి అతను "పెట్టిన" అనేవాడు. ఉరుము వినిపిస్తే పిడుగు భయానికి యాంటెన్నా కేబుల్‌ను కిటికీ బయటికి తీసేసి, ఇద్దరూ ఒకే గొడుగులో బయటి మెట్ల మీంచి కిందికి పరుగెత్తేవారు.

"గొడుగు నా దిక్కు తిప్పు. సగం తడిసిన," అనేవాడు మయూర్.

"మైకు కింద పెడితే తిప్పుత. మెట్టు మెట్టుకు వాగుతనే ఉన్నవ్."

దీపావళికి ముందు అతని ఉద్యోగం ముగిసింది. బస్టాండులో బ్యాగు భుజానికి తగిలించుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఏదో మిగిలిపోతోందని వసుధ గమనించింది. జాయింటును చూసినట్టే చూసింది, అప్పటిలాగే ఊరుకుంది.

"ఏమన్న చెప్తవా?" అన్నాడు.

"పైలంగ పో."

అతను పోయాడు.

తరవాత మూడేళ్లు రోజూ పొద్దున నెట్‌లో చంద్రపూర్ నుంచి అతని గొంతు వచ్చేది. "వసుధ గారూ, మీ సిగ్నల్ మంచిగ ఉన్నది." "మీది గూడ మంచిగున్నది." మిగతా అందరి చెవులూ వింటుంటే అంతకంటే ఏం చెప్పుకుంటారు? ఫోన్ నంబర్లున్నాయి. నంబరు ఉండడం వేరు, నొక్కడం వేరు. అతను వదిలివెళ్లిన మూరెడు కేబుల్ స్విచ్చుకు కుడివైపు అట్లాగే వేలాడుతూ ఉండేది. వారానికోసారి ఆమె దాని దుమ్ము తుడిచేది.

ఈ వానాకాలం ఒక శనివారం గోపాల్‌రావు ఆ కేబుల్ వైపు చూశాడు. "జిమల్‌గట్ట ఊరి గణపతికి కొత్తగ లైసెన్సు వచ్చిందట. సోమవారం సెట్టు తీసుకొని వస్తడు. రెండో వైపు ఖాళీగనే ఉన్నది గద, ఇద్దామా?"

వసుధ గుడ్డ తీసుకుని ఆ కేబుల్ దుమ్ము తుడవసాగింది.

"రేపటి దాక చూస్త. ఏమనకపోతే ఇచ్చినట్టే."

ఆదివారం ఏడింటికి అందరి పలకరింపులూ అయ్యాయి. వసుధ మైకు పట్టుకుంది.

"మయూర్, ఇక్కడ రెండో వైపు మూడేండ్ల సంది ఖాళీగ ఉన్నది. రేపు వేరేవాళ్లకు ఇస్తరట. నాకు ఇయ్య బుద్ధయితలేదు. నువ్వేమంటవు?"

మైకు వదిలింది. చంద్రపూర్ నుంచి జవాబు లేదు. గర్రుమని గాలి.

చివరికి మంచిర్యాల నుంచి కాశయ్య తాత గొంతు వచ్చింది. "బిడ్డా, మాకైతే సాఫ్‌గ వినవడ్డది. పిలగానికి వినవడ్డదో లేదో, మల్లొకసారి చెప్పరాదు?"

"ఒద్దు తాతా," అంది. ఒకసారి చెప్పడానికే మూడేళ్లు పట్టింది.

పగలంతా దుకాణంలో ఒకరు బల్బు అడిగితే ఫ్యూజు ఇచ్చింది, ఇంకొకరు ఫ్యూజు అడిగితే బల్బు ఇచ్చింది. గోపాల్‌రావు చూసి చూడనట్టు ఊరుకున్నాడు. సాయంత్రం వాన పట్టింది. ఆమె కేబుల్ తియ్యాలా అని పైగదిలో ఉరుము కోసం చెవి పెట్టి కూర్చుంది. ఉరమలేదు. మెట్ల మీద తడి చెప్పుల చప్పుడయింది.

మయూర్. తలమీంచి నీళ్లు కారుతున్నాయి. రేడియో మాత్రం మూడు ప్లాస్టిక్ కవర్లలో పొడిగా ఉంది.

"పొద్దున జవాబెందుకియ్యలే?" అంది, కంట్లో నీళ్లు ఆపుకుంటూ.

"నువ్వు అడగంగనే మైకు కింద పెట్టిన. పెట్టకపోతే నా దిక్కు ఎట్ల తిప్పుతవు?"

ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"గంతమంది చెవులల్ల చెప్పే ముచ్చట కాదు వసుధా. గందుకే బస్సెక్కిన. నాకు నీ పక్కన కూసునుడు కావాలె, బతికినన్నొద్దులు. రేడియో ఒక బహానా."

"గప్పుడే చెప్పరాదు?"

"పైలంగ పో అంటివి. పోయిన."

"ఇప్పుడంటున్న, ఉండు."

అతను తన రేడియోను ఆ పాత కేబుల్‌కు తగిలించి ఆన్ చేశాడు. వసుధ పిడి మీద చెయ్యి వేసింది.

"ముట్టకు!" మెట్ల మీది నుంచి గోపాల్‌రావు కేక. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. "ఇద్దరూ మైకులు కింద పెట్టిండ్రా?"

"పెట్టినం కాకా!"

"అయితే తిప్పు. గణపతికి ఇంకో స్విచ్చు చూస్త గని... రేపు రేగుంట పోయి మీ నాయినతోని నేను మాట్లాడుత."

పిడి కుడివైపు తిరిగింది. మూడేళ్లు ఖాళీగా ఉన్న ఆ వైపు నుంచి గరగరమంటూ ఒక గొంతు వచ్చింది. పొద్దుటి నుంచి సెట్టు ఆపనే లేదేమో, కాశయ్య తాత.

"సిరోంచ... సిరోంచ... పిలగాడు వచ్చిండా బిడ్డా?"

మయూర్ మైకు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"వచ్చిండు తాతా," అంది వసుధ, అందరికీ వినపడేలా.