రక్షిత పేరున్న ఫైలు

నంద్యాలలో ఎండాకాలం మధ్యాహ్నాలు రాత్రుల కంటే నిశ్శబ్దంగా ఉంటాయి. అన్నాలు తిని వీధి మొత్తం తలుపులేసుకుంటుంది. కుక్క కూడా మొరగదు. అర్చన మాత్రం ఆ వేళకే కంప్యూటర్ ముందు కూర్చునేది. స్టూడియోలవాళ్లు పెన్‌డ్రైవ్‌లలో పెళ్లి ఫోటోలు ఇచ్చిపోతే, ఇంట్లోనే ఆల్బమ్‌లు తయారుచేసి ఇస్తుంది. భర్త గురుప్రసాద్‌కు ఆళ్లగడ్డలో విత్తనాల అంగడి. పొద్దున బస్సెక్కితే మళ్లీ దీపాలు పెట్టే వేళకే ఇల్లు. మూడేళ్ల కూతురు రక్షిత నాలుగు ముద్దలు తిని పక్కగదిలో కూలర్ ఎదురుగా నిద్రపోయేది.

పెన్‌డ్రైవ్‌ల వెంట వైరస్‌లూ వస్తాయి. కంప్యూటర్ కొన్నప్పుడే గురుప్రసాద్ ఒక యాంటీవైరస్ వేయించాడు. అయినా ఒకరి పెళ్లి ఫోటోలన్నీ పాడైపోయి మాట పడాల్సి వచ్చింది. ఇంకొకటి కూడా ఉంటే మంచిదే కదా అని అర్చన తనే రెండోది వేసుకుంది. అప్పటి నుంచీ మిషన్ మొరాయించడం మొదలుపెట్టింది. మౌస్ కదిపితే తెర మీద బాణం ఆగి ఆగి కదిలేది. లోపలి ఫ్యాన్ రొప్పుతున్నట్టు తిరిగేది.

ఆ రోజు పని ముందుకు సాగక, డోన్‌లో కంప్యూటర్లు బాగుచేసే తమ్ముడు శ్రీకాంత్‌కు ఫోన్ చేసింది. వాడు విని నవ్వాడు. రెండు యాంటీవైరస్‌లు ఒక మిషన్లో ఉండకూడదని చెప్పాడు. ఒకదాన్ని చూసి ఇంకొకటి దొంగ అనుకుంటుందట. ఇది పట్టి బంధించిన ఫైలును అది తవ్వి బయటికి లాగుతుందట.

"ఏది తీసేయాల్రా?"

"ఏదైనా ఒకటే అక్కా. బేగా తీసేయ్."

ఫోన్ పెట్టేసేసరికి తెర మూలన హెచ్చరిక వచ్చింది. మొదటి యాంటీవైరస్ ఒక ఫైలును పట్టి మూసింది. ఆ వెంటనే రెండోది అదే ఫైలును బయటికి తీసింది. మళ్లీ అది మూసింది, ఇది తీసింది. అర్చన ముందుకు వంగి ఫైలు పేరు చదివింది.

రక్షిత.

బొమ్మ కాదు, వీడియో కాదు. శబ్దం ఒక్కటే. ఆ పేరుతో తానేదీ దాచుకోలేదు. వేరే పేరైతే ముట్టుకునేది కాదేమో. నొక్కింది.

మొదట కూలర్ చప్పుడు. దాని గడ్డి తెరల మీద నీళ్లు కారుతున్న చప్పుడు. అది పక్కగదిలోంచి వస్తోందా, స్పీకర్లలోంచి వస్తోందా అని తల తిప్పింది. రెండు చోట్ల నుంచీ వస్తోంది. తడిబట్ట ముక్కిపోయిన వాసన ఒకటి సన్నగా గదిలోకి పాకింది. అప్పుడు ఒక ఆడమనిషి గొంతు వినిపించింది, చెవి దగ్గర నోరు పెట్టి చెప్పినట్టు.

"మీయమ్మ పనిలో ఉండాది. మనం పోదాం దా."

"యాడికి?"

రక్షిత గొంతే. నిద్రమత్తులో ముద్దముద్దగా.

"ఆళ్లగడ్డకు. మా ఇంటికి."

అర్చన పరుగెత్తింది. రక్షిత మంచం మీదే ఉంది. బోర్లా పడుకుని, నోరు కొంచెం తెరిచి నిద్రపోతోంది. దాని వీపు మీద చెయ్యి పెట్టి, ఊపిరి ఆడుతోందని తెలిసేదాకా నిలబడింది. తిరిగి వచ్చి చూస్తే ఫైలు లేదు. మొదటిది మళ్లీ బంధించేసింది. ఆ రెండోదాన్ని తీసేద్దామని మౌస్ పట్టుకుంది. బాణం కదల్లేదు...

ఫైలు మళ్లీ బయటికొచ్చింది. ఈసారి అర్చన నొక్కలేదు. దానంతటదే మోగింది.

గచ్చు మీద చిన్న కాళ్ల చప్పుడు... గడియ తీసిన చప్పుడు... గేటు కిర్రుమన్న చప్పుడు.

మంచం ఖాళీ. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది.

గేటు అవతల, కాలిపోతున్న తారురోడ్డు మీద రక్షిత నిలబడి ఉంది. కాళ్లకు చెప్పుల్లేవు. కుడిచెయ్యి పైకెత్తి ఉంది, ఎవరో పట్టుకుని నడిపిస్తున్నట్టు. ఈ చివర నుంచి ఆ చివర దాకా వీధిలో మనిషి లేడు.

అర్చన పాపను చంకనేసుకుని లోపలికొచ్చి గడియ పెట్టింది. పాప ఏడవలేదు.

బిడ్డను దించకుండానే ఒంటిచేత్తో మౌస్ పట్టుకుంది. బాణం కదిలింది. రెండో యాంటీవైరస్‌ను తీసేయమని నొక్కింది. అది మెల్లగా పోతోంది. స్పీకర్లలో ఇప్పుడు బస్సు ఇంజను మోత. మనుషుల గోల. ఆ గోలలోంచి...

"అమ్మా."

చంకలో ఉన్న పాప పెదవులు కదల్లేదు.

రికార్డింగ్ కదా, అనుకుంది అర్చన. అలా అనుకోకపోతే నిలబడలేననిపించింది. ఇంతలో రెండోది పూర్తిగా పోయింది. మొదటిది ఫైలును పట్టి మూసేసింది. మళ్లీ మొదలైన ఆ పిలుపు సగంలో తెగిపోయింది. అర్చన వైర్లన్నీ పీకి పారేసింది.

గురుప్రసాద్ వచ్చేదాకా పాపను ఒళ్లోంచి దించలేదు. అతను రాగానే జరిగిందంతా చెప్పింది. అతను నవ్వలేదు. ఆ పెన్‌డ్రైవ్‌లలో ఏమేమి వస్తాయో ఎవరికి తెలుసు, ఎండకు తల తిరిగి ఉంటుంది, పాపేమో నిద్రలో లేచి నడిచి ఉంటుంది అని సర్దిచెప్పాడు. ఆమె భయం మళ్లించడానికి అంగడి సంగతి ఎత్తుకున్నాడు.

మధ్యాహ్నం బేరాల్లేని వేళ ఎవరో ఆడమనిషి భుజాన బిడ్డతో వచ్చి నీళ్లడిగిందట. ఎప్పుడూ చూసిన మనిషి కాదు. బిడ్డ అరికాళ్లు రెండూ బొబ్బలెక్కి ఉన్నాయట. ఇంత ఎండలో చెప్పుల్లేకుండా నడిపిస్తారా అని కోప్పడి, పక్కింట్లో వెన్న అడిగి ఇప్పించాడట.

"బిడ్డ మొగం కొంగు కింద ఉండె. నాకు కనపడలా," అన్నాడు. "పోతా పోతా ఆ పాప నన్ను నాయనా అని పిలిచింది."

అర్చన చెయ్యి ఒళ్లో ఉన్న పాప పాదం మీదికి పోయింది. మెల్లగా అరికాలు తిప్పి చూసింది. ఎర్రదనం కూడా లేదు. ఎన్నడూ నేల మీద ఆనించని కాలులా మెత్తగా, తెల్లగా ఉంది.

పాప గురుప్రసాద్‌నే చూస్తోంది, కొత్త మనిషిని చూసినట్టు.