దానంతటదే ఆగే బండి

ఆ కారంటే నాకు మొదట్నుంచీ రోతే.

మా ఆయన రాజబాబు మస్కట్ నుంచి సెలవు మీద వచ్చినప్పుడు ముచ్చటపడి కొన్నారు. వాళ్ళమ్మగారికి, అంటే మా అత్తగారు వీరాయమ్మగారికి, కిడ్నీలు పాడైపోయి వారంలో రెండుసార్లు డయాలిసిస్‌కి అమలాపురం తీసుకెళ్ళాలి. కాట్రేనికోన దగ్గర మా ఊరి నుంచి ఆటోలో వెళ్తుంటే ఆ గతుకులకి ఆవిడ ఎముకలన్నీ కదిలిపోయేవి. అందుకని నాకు డ్రైవింగు నేర్పించి, బండి అప్పజెప్పి ఆయన వెళ్ళిపోయేరు.

చూడ్డానికి మంచి బండే. ఒక్కటే జబ్బు. బ్రేకు తొక్కి ఆపితే చాలు, ఇంజను దానంతటదే ఆగిపోయేది. బ్రేకు మీంచి కాలు తీస్తే మళ్ళీ లేచేది. పెట్రోలు ఆదా అంట. ముమ్మిడివరం సెంటర్లో గేదెలు అడ్డొస్తే ఆగేది. కొబ్బరికాయల లారీ వెనక ఆగేది. ఇంజను ఆగగానే ఏసీ చల్లదనం పోయి లోపలంతా ఉక్క. డయాలిసిస్ అయ్యి నీరసంగా ఒరిగిపోయిన మనిషి ఆ ఉక్కలో నా వెనకే వాంతి చేసుకునేవారు. పైగా నేను చూడకుండా తన కొంగుతోనే సీటు తుడవబోయేవారు. ఇంజను అలా ఆగిపోకుండా ఓ బొత్తం ఉంది. కానీ బండి తీసిన ప్రతిసారీ మళ్ళీ నొక్కాల్సిందే. మరిచిపోయామా, అంతే.

మా ఊళ్ళో మెకానిక్ దొరబాబు బానెట్ ఎత్తి చూసి, అన్నీ ప్లాస్టిక్ మూతలేనండీ, ఏది కదిపినా కంప్యూటరు ఊరుకోదని మళ్ళీ దించేసేడు. సరే అని రాజమండ్రిలో షోరూముకి తీసుకెళ్ళేను. అక్కడ సర్వీసు చూసే అబ్బాయి తేజ చాలా మర్యాదస్తుడు. ప్రతి మాటకీ ఆయ్ మేడమ్ అంటూ కాఫీ ఇప్పించేవాడు. పని మాత్రం అయ్యేది కాదు. దీనికి మామూలు బ్యాటరీ పనికిరాదని ప్రత్యేకమైనదేదో వేసేరు. తర్వాత సాఫ్ట్‌వేర్ మార్చాలన్నారు. ఆ దరిద్రాన్ని పూర్తిగా పీకి పారెయ్యండి బాబూ అంటే, వారంటీ పోతుంది మేడమ్ అన్నాడు. వెళ్ళిన ప్రతిసారీ బండికి ఓ వైరు తగిలించి, తెర వంక చూసి, "కంప్యూటర్లో ఏ తప్పూ చూపించట్లేదండీ" అనేవాడు. తప్పు బండిలో లేకపోతే నాలో ఉన్నట్టా?

వానలు మొదలయ్యేక ఏసీలోంచి వాసన కూడా రావడం మొదలైంది. చచ్చిన రొయ్యలు ఎండకి ఉబ్బితే వస్తుందే, ఆ కంపు. లోపలి ఫిల్టరు మార్చి, పాతది తెచ్చి నాకు చూపించేరు. దాన్నిండా నల్లటి జిగురు. ఆ జిగురులో పొడుగాటి వెంట్రుకలు చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. ఎలకలు గూడు కట్టుంటాయి మేడమ్ అన్నాడు తేజ. ఎలకలకి మూరెడు జుట్టు ఎక్కడిదని అడగాలనిపించింది. కానీ ముక్కు మూసుకుని బయటికొచ్చేసేను.

ఆ సాయంత్రం శ్రావణమాసపు ముసురు పట్టింది. అమలాపురం నుంచి తిరిగొస్తున్నాం. అత్తయ్యగారు వెనక సీట్లో కళ్ళు మూసుకుని ఉన్నారు. ముమ్మిడివరం దాటి మా రోడ్డులోకి తిరిగేక అటూ ఇటూ రొయ్యల చెరువులే. నీళ్ళని చిలికే ఏరేటర్ల చప్పుడు, కప్పల అరుపులు తప్ప మనిషి అలికిడి లేదు. వెలుతురు తగ్గిపోతోంది. కాలవ మీద ఇరుకు వంతెన దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా మేత బస్తాల వ్యాను. దానికి దారిచ్చి బ్రేకు తొక్కేను.

ఇంజను ఆగిపోయింది.

వ్యాను వెళ్ళిపోయింది. కాలు తీసేను. లేవలేదు. మళ్ళీ తొక్కి తీసేను. స్టార్టు బొత్తం నొక్కేను. లైట్లు కూడా ఆరిపోయేయి. అద్దాలు దిగలేదు, తలుపు తీయబోతే రాలేదు. పై కప్పు మీద చినుకుల చప్పుడు వింటూ కూర్చున్నాను. కొంచెం సేపటికి ఏరేటర్లు ఒక్కొక్కటే ఆగిపోయేయి. కరెంటు పోయిందనుకున్నాను. కప్పలు ఎందుకు ఆగేయో మాత్రం తెలియలేదు...

అప్పుడు వచ్చింది కంపు. గొంతులోకి దిగి నాలిక మీద కూర్చుంది. ఏసీ గూట్లోంచి గోరువెచ్చగా ఏదో కారి నా మోకాలి మీద పడింది. జిగురుగా... చీర మీంచి నెమ్మదిగా జారుతోంది.

"అమ్మాయ్ ప్రసన్నా," వెనకనించి అత్తయ్యగారు గుసగుసగా అన్నారు, "ఎవరినన్నా ఎక్కించుకున్నావా?"

"లేదత్తయ్యా."

"మరి నన్ను జరగమంటోందే..."

అద్దంలోకి చూసేను. ఆవిరి పట్టేసి ఏమీ కనబడలేదు. తిరిగి చూద్దామంటే మెడ మాట వినలేదు. సీటు కిర్రుమంది. తడిబట్ట ఈడ్చినట్టు చప్పుడు. నా తలుపు రాకపోయినా వెనక తలుపు తెరుచుకుంది... చల్లగాలి... మూసుకుంది.

"అత్తయ్యా?"

మళ్ళీ పిలిచేను.

"అత్తయ్యా..."

"పోనీ," అంది గొంతు.

నా కాలు ఇంకా బ్రేకు మీదే ఉంది. ఇంజను లేచింది.

ఇల్లు చేరేసరికి మా వీధిలోనూ కరెంటు లేదు. అత్తయ్యగార్ని చెయ్యి పట్టుకుని దింపేను. చీరంతా తడిసి ముద్దయింది. వాంతి చేసుకున్నారేమో, కడుక్కోబోయి నీళ్ళు ఒంపుకున్నారేమో అనుకున్నాను. ఎప్పుడూ నా భుజం పట్టుకుని నడిచే మనిషి చరచరా లోపలికి వెళ్ళిపోయేరు. తిన్నగా వంటింట్లో బిందె దగ్గరికెళ్ళి చెంబు ముంచుకుని తాగడం మొదలెట్టేరు. ఒకదాని మీద ఒకటి. ఆవిడకి నీళ్ళు కొలిచి ఇవ్వాలి, లేకపోతే ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. చెంబు లాక్కోబోతే నా వంక చూసి నోరు తెరిచేరు. కాలవ అడుగున బురద వాసన గుప్పుమంది. నేను మొహం తిప్పేసుకున్నాను. ముసలావిడ మీద, అందులోనూ రోగిష్టి మీద రోత పడుతున్నందుకు ఆ రాత్రంతా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

పొద్దున్న బండి తలుపు కొంచెం తీసి మూసేసేను. వెనక సీటు మీద బురద, అందులో రొయ్య పొట్టు. ఇంక దాన్ని ముట్టుకోలేదు. షోరూముకి ఫోన్ చేస్తే లారీ పంపించి లాక్కుపోయేరు. పీడ పోయిందనుకున్నాను. అత్తయ్యగారు గోడవైపు తిరిగి పడుకునే ఉన్నారు. జావ తెచ్చినా తాగలేదు, మాటాడలేదు.

మధ్యాహ్నం తేజ ఫోన్ చేసేడు. గొంతు బాగా తగ్గించి మాటాడుతున్నాడు.

"మేడమ్, బ్యాటరీ తీసి పక్కన పెట్టేసేమండీ. అయినా ఇంజను ఆగట్లేదు."

ఆగే బండి ఆగకపోవడమేంటని విసుక్కున్నాను.

"ఇంకోటండీ... వెనక సీట్లో ఉన్న మీ అత్తగార్ని దిగమంటే దిగట్లేదు. ప్రసన్న వచ్చేదాకా దిగనంటున్నారు. దాహం వేస్తోందంట. నీళ్ళు ఇవ్వచ్చాండీ? మీరు కొలిచి ఇస్తారంట కదా."

నేను మంచం వైపు చూసేను. దుప్పటి మెల్లగా పైకీ కిందకీ కదులుతోంది.

డయాలిసిస్ మనుషులకి ఎడమచేతి మీద నరాలు కలిపి కుడతారు. అక్కడ వేళ్ళు ఆనిస్తే చర్మం కింద తుమ్మెద తిరుగుతున్నట్టు జుమ్మంటుంది. రోజూ చూసుకోవాలని, అది ఆగిపోతే ఒక్క క్షణం ఆలస్యం చెయ్యొద్దని నర్సు బ్లెస్సీ మరీ మరీ చెప్పింది. ఫోను చెవి దగ్గరే ఉంచి, మంచం పక్కన కూర్చుని, దుప్పటి కిందనుంచి ఆ చెయ్యి పైకి తీసేను. వేళ్ళు ఆనించేను.

ఏమీ లేదు... కుట్ల మచ్చ కూడా లేదు.

ఫోన్లో తేజ, మేడమ్, ఉన్నారా అండీ అని అడుగుతున్నాడు. మంచం మీది చెయ్యి నెమ్మదిగా తిరిగి నా వేళ్ళ చుట్టూ మూసుకుంది. చల్లగా ఉంది. దాని గోళ్ళకి, అత్తయ్యగారు ఎన్నడూ పెట్టుకోని ఎర్రటి గోరింటాకు, సగం పైకి పెరిగిపోయి ఉంది.