ఏ మెక్‌మిలన్లు మీరు?

ఇషిత లోపలికి రాగానే ఆమె కళ్లజోడు ఆవిరితో మూసుకుపోయింది. తుడుచుకోలేదు. కోటు కూడా విప్పకుండా, ఎవరున్నారో కనబడకపోయినా ఎదురుగా ఉన్న బల్ల వైపు తిరిగి మాట్లాడటం మొదలుపెట్టింది.

"అంకుల్, మా డాడ్ నిన్న పొద్దున్నుంచీ కనబడటం లేదు. ఆయనకి డిమెన్షియా. ఫోన్ లేదు. బయట మైనస్ ఎయిటీన్ ఉంది. ప్లీజ్."

టొరంటో పక్కన బ్రాంప్టన్‌లో, ఒక చీరల దుకాణం పైన ఉంది ఆ ఆఫీసు. బల్ల వెనక కూర్చున్న మనిషి సుబ్బరాజు. చాలా ఏళ్లు ఇన్సూరెన్స్ కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకుని, రిటైరయ్యాక లైసెన్సు తీసుకుని సొంతంగా కేసులు చూస్తున్నాడు. పక్కనున్నది ఆయన అసిస్టెంటు పద్మిని. వరంగల్‌లో టీచరుగా చేసి వచ్చింది. సుబ్బరాజు ఒక గదిలోకి వెళ్లి ఊరికే నిలబడితే చాలు, ఆ గది ఆయనకు అన్నీ చెప్పేస్తుందని ఆమె నమ్మకం.

పద్మిని ఆ అమ్మాయిని కూర్చోబెట్టి, వేడి నీళ్లిచ్చి, విషయం రాబట్టింది. తండ్రి ఇయన్ మెక్‌మిలన్. గ్లెన్‌గరీ అనే పల్లె ప్రాంతంలో పుట్టిన స్కాటిష్ ఇంటివాడు. తల్లి హైమావతిది కాకినాడ. కాపురం మిల్టన్‌లో. ఇషిత పెళ్లి రేపు, ఆదివారం. పెళ్లికొడుకుదీ గ్లెన్‌గరీయే, పేరు కాలమ్ మెక్‌మిలన్. నిన్న పొద్దున తల్లి పూజలో, ఇషిత ఆఫీసులో ఉండగా ఇయన్ ఇంట్లోంచి మాయమయ్యాడు. పోలీసులు ఇంటి వెనక చెట్లూ, చెరువూ, రైలు స్టేషనూ అన్నీ వెతికారు. ఎక్కడా లేడు. ఇప్పుడు తల్లి కాలమ్‌ని అనుమానిస్తోంది.

"కాలమ్ అలా చెయ్యడు అంకుల్," అంది ఇషిత. అప్పుడు కళ్లజోడు తీసింది. "కానీ డాడ్ ఈ చలిలో ఇంకో రాత్రి ఉండలేరు."

సుబ్బరాజు కారు తాళాలు తీసుకున్నాడు.

మిల్టన్‌లో ఆ ఇంటి గుమ్మం ముందు పచ్చటి మామిడాకులు కావు, ప్లాస్టిక్ తోరణం కట్టి ఉంది. లోపల పెళ్లి సామాన్ల మధ్య హైమావతి నేలమీదే కూర్చుని ఉంది. ఆమె అన్న త్యాగరాజు కిటికీ దగ్గర నిలబడి రోడ్డు చూస్తున్నాడు. ఆయన రిటైరైన ఇంజినీరు, భార్య పోయాక బ్రాంప్టన్‌లో ఒక్కడే ఉంటాడు. కాలమ్ వంటింటి గుమ్మంలో, ఎవరూ కూర్చోమనక, నిలబడే ఉన్నాడు.

సుబ్బరాజు ముందు చెప్పుల స్టాండు దగ్గర ఆగాడు. పట్టీ అతికించుకునే మెత్తటి బూట్ల జత ఒకటి అక్కడే ఉంది.

"ఇవి ఎవరివమ్మా?"

ఇయన్‌వేనని హైమావతి చెప్పింది. ఏడాదిగా ఆయనకు లేసులు కట్టుకోవడం రావడం లేదట. అందుకే ఇవి కొన్నారు. లేసులున్న పాత మంచు బూట్లు పైఅరలో పెట్టేశారు. ఇప్పుడు ఆ పైఅర ఖాళీగా ఉంది.

తర్వాత ఆయన వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్ తెరిపించాడు. ఏం తగ్గిందని అడిగితే హైమావతి చాలాసేపు చూసింది. గురువారం రాత్రి తోడేసిన పెరుగు గిన్నె లేదు. ఇయన్ కొంతకాలంగా పెరుగన్నం తప్ప ఏమీ ముట్టడం లేదు. ఆయన మాత్రల డబ్బా కూడా అలమరలో లేదు. ఆ సంగతి ఆమె అంతవరకూ గమనించలేదు.

హాల్లో గోడమీద ఒక ఫొటో ఉంది. కొత్త దంపతులు, తిరుమల కొండమీద. పెళ్లికూతురి పక్కనున్న తెల్లాయనకి నున్నటి గుండు.

"ఆయనే చేయించుకున్నారు," అంది హైమావతి. "మా ఇంటిపేరుకి అర్థమే గుండువాడి కొడుకు అన్నారు. ఎప్పుడో వాళ్ల మూలపురుషుడు గుండు చేయించుకున్న సన్యాసట. ఇప్పటికి నేను అసలు మెక్‌మిలన్ని అయ్యానని కొండ దిగేదాకా నవ్వుతూనే ఉన్నారు."

అది చెప్పి ఆమె ఏడ్చింది. పద్మిని పక్కన కూర్చుంది.

గురువారం రాత్రి ఏం జరిగిందో ఆమె ద్వారానే తెలిసింది. కాలమ్ భోజనానికి వచ్చాడు, త్యాగరాజు కూడా ఉన్నాడు. ఇయన్‌కి ఆ రాత్రి మనసు తేటగా ఉంది. కాలమ్ చెయ్యీ ఇషిత చెయ్యీ కలిపి పట్టుకుని, మనమంతా ఒకటే వంశం, ఒకటే రక్తం అన్నాడు. కాలమ్ ఆయన్ని ఒకసారి గ్లెన్‌గరీ తీసుకువెళతానన్నాడు. తీసుకుపోయి ఎక్కడైనా దించేశాడేమోనన్నదే ఆమె భయం. ఇయన్ రోజూ సాయంత్రం కోటు వేసుకుని, ఇంటికి వెళ్లాలి, బండి టైమైంది అంటుంటాడు. ముప్ఫై ఏళ్లు మిల్టన్ స్టేషన్‌లో రైలెక్కి టొరంటో ఆఫీసుకి వెళ్లిన మనిషి.

సుబ్బరాజు కాలమ్‌ని పక్కగదిలోకి పిలిచాడు. నిన్న పొద్దున ఎక్కడున్నావని అడగలేదు. మీ ఇంటిపేరు సంగతి చెప్పమన్నాడు. కాలమ్ ఆశ్చర్యపోయినా చెప్పాడు. స్కాట్లాండ్ కొండల్లో ఒక వంశపెద్ద నీడన బతికేవాళ్లంతా ఆ పెద్ద పేరే పెట్టుకునేవారు. భూమి దున్నుకోవడానికి వచ్చినవాడు, ఆశ్రయం కోసం వచ్చినవాడు, అందరూ మెక్‌మిలన్లే. రెండు వందల ఏళ్ల కిందట కౌళ్లు పెరిగి, భూములు గొర్రెలమందల పాలై బతకలేక, అక్కడ ఒక సరస్సు ఒడ్డున ఉండే జనం ఓడలెక్కి ఈ దేశం వచ్చి గ్లెన్‌గరీలో స్థిరపడ్డారు. ఊరంతా ఒకటే పేరైపోయింది. అందుకని ఇంటికో మారుపేరు పెట్టుకున్నారు. ఇయన్ వాళ్లు మిల్లువాళ్లు.

"మరి మీరు?"

"నేతవాళ్లం. మా తాతల తాత వేరే పేరుతో వచ్చి, వాళ్ల నేల మీద మగ్గం పెట్టుకుని, వాళ్ల పేరు తీసుకున్నాడంటారు. మా ఊళ్లో మెక్‌మిలన్లు మెక్‌మిలన్లని చేసుకోవడం మామూలే."

"ఈ సంగతి ఈ ఇంట్లో ఎవరికైనా చెప్పావా?"

"ఎవరూ అడగలేదు," అన్నాడు కాలమ్.

త్యాగరాజు మాత్రం అడిగినవాటికి ముక్తసరిగా జవాబిచ్చాడు. బ్రాంప్టన్ నుంచి తిన్నగా వచ్చాను, గరాజ్‌లో కారెక్కాను, ఇక్కడ దిగాను, అంతే అన్నాడు. పెళ్లికొడుకు గురించి అడిగితే మొహం తిప్పుకున్నాడు.

"పురోహితుడు మా బావకి పెళ్లిలో కాశ్యప గోత్రం ఇచ్చాడండీ. ఇప్పుడు ఆ పిల్లాడికీ అదే ఇవ్వబోతే, మా చెల్లి భారద్వాజ అని మార్పించింది. గోత్రం మారిస్తే రక్తం మారుతుందా? నన్నెవరు అడిగారు లెండి."

ఆయన మాట్లాడుతుంటే పద్మిని ఆయన కాళ్లు చూసింది. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి, అంచులకు మంచు ఉండలు అంటుకుని ఉంది. సుబ్బరాజు కూడా చూశాడు.

అప్పుడే హైమావతి ఫోన్ మోగింది. విజయవాడ నుంచి దిగిన చుట్టాలు. వాళ్లని త్యాగరాజు టౌన్‌హౌస్‌లో దించాల్సింది. అది మిల్టన్‌లోనే, ఊరికి ఆ చివర స్టేషన్ దగ్గర, అద్దెవాళ్లు వెళ్లాక ఖాళీగా ఉంది. కానీ నిన్న పొద్దున అక్కడ ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ ఆగిపోయిందని త్యాగరాజు చెబితే, అందరినీ హోటల్లో పెట్టారు.

"రిపేరుకి ఎవరిని పిలిచారండీ?" అని పద్మిని మామూలుగా అడిగింది. "మా ఇంటికీ మనిషి కావాలి."

"ఇంకా పిలవలేదమ్మా. పెళ్లయ్యాక చూద్దామని."

సుబ్బరాజు లేచాడు. అందరినీ హాల్లోకి రమ్మన్నాడు. హైమావతి నేలమీదే ఉంది. ఇషిత కాలమ్ పక్కన నిలబడింది. త్యాగరాజు కిటికీ వదల్లేదు.

"ఇయన్ గారు తనంతట తను వెళ్లలేదు," అన్నాడు సుబ్బరాజు. "వెళ్తే చేతికందే బూట్లు వేసుకునేవారు. పైఅరలో బూట్లు తీసి, ఆయన కాళ్ల దగ్గర కూర్చుని, ఎవరో లేసులు కట్టారు. పెరుగూ మాత్రలూ తీసుకెళ్లారు. ఆయనకి చెడు తలపెట్టినవాడు పెరుగు మోసుకెళ్లడు. కాలమ్‌కి ఆయన తిండి సంగతి తెలియదు. మాత్రలు ఎక్కడుంటాయో తెలియదు. తెలిసినవాళ్లు ముగ్గురు. తల్లీ కూతుళ్లు కాక ఇంకొకరు."

ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"మన ఇళ్లలో ఇంటిపేరు ఒకటైతే అన్నాచెల్లెళ్ల వరస. ఈ పెళ్లికూతురూ పెళ్లికొడుకూ ఇద్దరూ మెక్‌మిలన్లే. అది ఒకాయన గుండెలో ముల్లులా గుచ్చుకుంది. గురువారం ఇయన్ గారు ఒకటే రక్తం అన్నారు. ఆయన లెక్కలో అది ప్రేమగా అనే మాట. వినేవాడి లెక్కలో సాక్ష్యం. తండ్రి కనబడకపోతే ముహూర్తం దాటిపోతుంది, ఈ పాపం ఆగిపోతుంది అనుకున్నాడు. ఈ చలిలో ఫర్నేస్ నిజంగా ఆగిపోతే పైపులు పగులుతాయి. ఏ ఇంజినీరూ రెండో రోజు దాకా రిపేరువాణ్ణి పిలవకుండా ఉండడు. త్యాగరాజు గారూ, ఆ ఇంట్లో ఫర్నేస్ బాగానే ఉంది."

"మావయ్యా?" అంది ఇషిత.

త్యాగరాజు తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు.

"ఇప్పుడు నాకు తెలియనిది ఒక్కటే. కారులో వచ్చిన మనిషికి మోకాళ్ల దాకా మంచు ఎలా అంటింది? మీరు వెతుకుతున్నారు. దేనికోసం?"

"లేడండీ," అన్నాడు త్యాగరాజు. "రాత్రి పక్కనే పడుకున్నా. పొద్దున ఇక్కడ మొహం చూపించి వద్దామని బయల్దేరితే, ఎక్కడికి బావా, ఇంటికేనా, నేనూ వస్తానన్నాడు. బూట్లు వేసుకుని కూర్చుంటానని పేచీ పెడితే లేసులు కట్టి వచ్చా. తిరిగి వెళ్లేసరికి తలుపు తీసుంది. ఆ సందులన్నీ తిరిగా. ఎలా చెప్పనండీ? ఏ నోటితో చెప్పను?"

హైమావతి లేచి అన్న దగ్గరికి వెళ్లింది. కొడుతుందనుకుంది పద్మిని. ఆమె ఆయన చొక్కా పట్టుకుని, "ఏ కోటు వేసుకున్నారు?" అని మాత్రం అడిగింది.

"పల్చటిదే."

సుబ్బరాజు అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. "పద్మినీ, పోలీసులకీ అంబులెన్సుకీ చెప్పు. మిల్టన్ స్టేషన్."

స్టేషన్ నిన్ననే చూశారుగా అంది పద్మిని. నిన్న ఆయన త్యాగరాజు ఇంట్లో ఉన్నాడని, ఈరోజు ఆ ఇంటి మెట్లు దిగితే ఆయన కాళ్లకి తెలిసిన దారి అదొక్కటేనని చెప్పాడు సుబ్బరాజు. కారులో ఇషిత, ఈరోజు శనివారం, శనివారం ఆ లైన్లో రైళ్లుండవు, అక్కడ మనుషులే ఉండరు అని గొణుగుతూ ఉంది.

పార్కింగ్ స్థలమంతా తెల్లగా, ఒక్క కారు లేకుండా ఉంది. ప్లాట్‌ఫారం మీద అద్దాల గది. అందులో బెంచీమీద ఇయన్ నిటారుగా కూర్చుని ఉన్నాడు. కనుబొమల మీద మంచు. ఖాళీ పెరుగు గిన్నె ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. రైలు వచ్చే వైపు చూస్తున్నాడు.

కాలమ్ ముందు చేరాడు. తన కోటు విప్పి ఆయన్ని చుట్టేసి, ఆ చేతులు తన చొక్కా లోపలికి లాక్కున్నాడు. ఇషిత తండ్రి మెడ చుట్టూ శాలువా కట్టి చెంప ఆనించింది. ఊపిరి ఉంది. ఇయన్ నెమ్మదిగా కళ్లు తిప్పి కాలమ్‌ని చూశాడు. గుర్తుపట్టలేదు.

"ఎవరబ్బాయివి నువ్వు?"

"నా పేరు కాలమ్. మెక్‌మిలన్ని."

"మా వైపు అందరూ మెక్‌మిలన్లే," అన్నాడు ఇయన్. పెదవులు సరిగా కదలడం లేదు. "ఏ మెక్‌మిలన్లు మీరు?"

"నేతవాళ్లం, సర్."

ముసలాయన ఆలోచించాడు. ఎక్కడో దూరంగా అంబులెన్సు మోత వినబడింది.

"మేం మిల్లువాళ్లం. అయితే మీరు మాకేమీ కారు," అన్నాడు. మళ్లీ తనే కొంచెం జరిగి చోటిచ్చాడు. "ఫర్వాలేదు, కూర్చో. చలిగా ఉంది."

అద్దాల గది తలుపు దగ్గర త్యాగరాజు ఆ మాట విన్నాడు. ఆయన్ని చూడగానే ఇయన్ మొహం విప్పారింది. తెలుగులో, తన పాత యాసలో, "బావా, వచ్చావా. బండి ఇంకా రాలేదు," అన్నాడు.

ఇయన్ ఎడమ బూటు లేసు ఊడి మంచులో పడి ఉంది. త్యాగరాజు మోకాళ్లమీద కూర్చున్నాడు. లేసు పట్టుకున్నాడు. ముడి పడలేదు. మళ్లీ ప్రయత్నించాడు. జారిపోయింది. అంబులెన్సువాళ్లు వచ్చి పక్కకి జరగమనేదాకా ఆయన ఆ లేసు వదల్లేదు.