బంపర్ మీద టీ గ్లాసు

"అమ్మా... ఈరోజు అన్న నన్ను వెనక నుంచి తోసినాడు!"

గుమ్మంలో నిలబడి వినయ్ అన్న ఆ మాటకి కళ్యాణి చేతిలోని అట్లకాడ పెనం మీదే ఆగిపోయింది. తిరిగి చూసేసరికి మరిది నుదురు చిట్లి, రక్తం కనుబొమ్మ దాకా జారింది. ఇరవై నాలుగేళ్ల మనిషి, నిన్నటిదాకా పాటలు పాడుకుంటూ లారీ తోలినవాడు, చలిజ్వరం వచ్చినవాడిలా గోడకి ఆనుకున్నాడు!

"ఎక్కడప్పా?" అంది చౌడమ్మ, అతని తల్లి. ఆ గొంతులో భయం లేదు... ఆశ ఉంది!

"సర్జాపుర దారిలో... ఆ చెరువుకట్ట మలుపులోనే. బ్రేకు వేసినాను, బండి నిలిచింది. నిలిచినాక మళ్లీ ముందుకు పోయింది! నా కాలు బ్రేకు మీదనే ఉండాది. ఎవరో రెండు చేతులూ పెట్టి తోసినట్టు... కట్ట రాయి అడ్డం పడింది గాని, లేకుంటే నేను కూడా చెరువులోనే ఉండేవాణ్నమ్మా!"

ఆ మలుపు పేరు వింటేనే ఆ ఇంట్లో ఎవరికీ అన్నం దిగదు. రెండేళ్ల కిందట అక్కడే నీళ్ల లారీ పల్టీ కొట్టి నాగేంద్ర పోయాడు. చౌడమ్మ పెద్దకొడుకు, కళ్యాణి భర్త. అతని చొక్కా జేబులోంచి తీసిన ఫోన్‌లో ఒకే ఒక్క మిస్డ్ కాల్ ఉంది. అది కళ్యాణిది! మధ్యాహ్నం భోజనానికి వస్తున్నాడా లేదా అని అడగడానికి చేసిన ఫోన్. "ఫోన్ మోగితే మనసు అటు పోయుంటాది" అని ఎవరో అన్నారు. అంతే! ఆ మాటే ఇంట్లో తీర్పయి కూర్చుంది. ఆనాటి నుంచి చౌడమ్మ కోడలి చేతి నీళ్లు తాగుతుంది, కోడలు వండింది తింటుంది, కానీ కోడలి ముఖం చూడదు. "నీ ఫోనే నా బిడ్డను మింగింది" అని ఒక్కసారే అంది. రెండోసారి అనవలసిన అవసరం లేకపోయింది.

లారీకి బయట సొట్టలు తీయించి, రంగు వేయించి, వినయ్ తోలడం మొదలుపెట్టాడు. హెబ్బగోడి బోరు దగ్గర ట్యాంకు నింపుకొని, చాలా రోజులు దారిలో ఒక అపార్టుమెంటుకి సగం నీళ్లు పోసి, ఇంటికొచ్చి టిఫిన్ తిని, మిగిలిన సగం సర్జాపుర వైపు తీసుకెళ్తాడు. బండి ఇంటిముందు ఆగగానే చౌడమ్మ ఒక గాజు గ్లాసులో టీ పోసి లారీ ముందు బంపర్ మీద పెడుతుంది. నాగేంద్ర అక్కడే నిలబడి టీ తాగేవాడు. ఆ తర్వాత జరిగేదే చూసేవాళ్లకి గుండె ఆగిపోయేలా ఉంటుంది... ఇంజన్ ఆపేసి ఉంటుంది. గాలి ఉండదు. అయినా గ్లాసులో టీ మెల్లగా ఇటూ అటూ ఊగుతుంది! ట్యాంకులోంచి ఎవరో అరచేత్తో తట్టినట్టు చప్పుడు... థప్... ఆగి... థప్... "వచ్చినావా నాయనా" అంటుంది చౌడమ్మ. చప్పుడు ఆగేదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకొని అక్కడే కూర్చుంటుంది. వీధిలో పిల్లలు ఆ లారీ పక్కనుంచి నడవరు.

కళ్యాణికి కూడా భయమే! కానీ ఆమె ఉప్పు డబ్బా ఒక అంగుళం పక్కకి జరిగినా గమనించే మనిషి. మూడు నెలలుగా వంటింటి క్యాలెండర్‌లో, పాల గుర్తుల పక్కనే, టీ ఊగిన ప్రతి రోజూ ఒక చుక్క పెడుతోంది. అత్తగారు "ఈరోజు వాడికి నా మీద కోపం, రాలేదు" అని ఏడ్చిన రోజుల్లో చుక్క లేదు. మొన్న ఆదివారం కూర్చుని చూసుకుంది. చుక్క పడ్డ రోజుల్లో ఒక్కదానిలో కూడా ట్యాంకు నిండుగా లేదు, ఖాళీగా లేదు. అన్నీ సగం నీళ్ల రోజులే! సగం బకెట్ నీళ్లతో మెట్లెక్కి పైమెట్టు మీద ఆగితే, మనం ఆగినా బకెట్‌లో నీళ్లు ఆగవు... ఆ ఆలోచన వచ్చినప్పుడు ఆమెకి ఎందుకో ఏడుపు వచ్చింది. భర్త నిజంగా ఆ లారీలో లేడని తనకి తానే చెప్పుకుంటున్నట్టు!

ఇప్పుడు వినయ్ నుదుటి మీద పసుపు అద్దుతూ ఆమె నెమ్మదిగా అంది. "అత్తా... బండిని కృష్ణప్ప షెడ్డుకి పంపుదాం. అంతా విప్పి చూడనీ."

"ముట్టుకోవద్దు!" చౌడమ్మ కేక పెట్టింది. "నా బిడ్డ దాంట్లో ఉండాడు! తమ్ముణ్ని పిలుస్తా ఉండాడు, అంతే. శాంతి చేయిస్తే సరిపోతాది. బండిని విప్పితే వాణ్ని ఇంకోసారి కోసినట్టే మే!"

"పిలిస్తే ఎక్కడికి పిలుస్తాడత్తా? చెరువులోకా? పెద్దవాడి కోసం చిన్నవాణ్ని కూడా పంపిస్తావా?"

పెనం మీద దోసె మాడిన వాసన. రెండేళ్లలో కళ్యాణి అత్తగారికి ఎదురు చెప్పడం అదే మొదటిసారి.

"నువ్వా ఈ మాట అనేది?" అంది చౌడమ్మ. "ఫోన్ చేసి మొగుణ్ని పంపించినదానివి..."

"సరే అత్తా! బండిలో ఏ తప్పూ లేదని కృష్ణప్ప చెప్తే, తప్పు నాదే అనుకుంటా. ఆరోజే నా పెట్టె సర్దుకొని మా అమ్మ దగ్గరికి పోతా. మళ్లీ నీ గడప తొక్కను. కానీ బండిని చూడనీ!"

చౌడమ్మ తాళంచెవి దేవుడి గూట్లోంచి తీసి నేల మీద పడేసింది.

చందాపుర దగ్గర కృష్ణప్ప షెడ్డు. పాత లారీలకి, చక్రాల మీద బరువు మోసే కమాను పట్టీలు కట్టడంలో నలభై ఏళ్ల చెయ్యి అతనిది. లారీ కిందకి దూరి, టార్చి వేసి, పది నిమిషాల తర్వాత నూనె మరకలతో బయటికి వచ్చాడు.

"ముసలిదానికి మోకాళ్లు పోయుండాయమ్మా" అన్నాడు. "ఎడమపక్క కమానులో ఒక పట్టీ విరిగి, కట్టంతా కుంగిపోయింది. బుష్షులు అరిగిపోయినాయి. ముందుచక్రాల్లో కింగ్‌పిన్లు లొడలొడ. అందుకే స్టీరింగ్ తిప్పితే బండి ఒక లెక్కన, చక్రం ఒక లెక్కన పోతాది. ఇవన్నీ నేను చేస్తా. కానీ..." అతను ట్యాంకు వైపు చూశాడు. "ఈ తోపు కిందినుంచి కాదు."

వినయ్‌ని బుష్షులు తెమ్మని బజారుకి పంపి, అతను నిచ్చెన వేసుకొని పైమూత తీసి లోపలికి దిగాడు. కళ్యాణి కింద నిలబడి ట్యాంకుకి చెవి ఆనించింది. ఖాళీ ట్యాంకులో అతని అడుగులు ఈ చివరి నుంచి ఆ చివరికి, ఎక్కడా అడ్డు లేకుండా, నేరుగా నడిచి వెళ్లాయి. చప్పున ఆగిపోయాయి. లోపలినుంచి గొంతు వచ్చింది, నూతిలోంచి వచ్చినట్టు!

"అయ్యో నాగేంద్రా... కోసేసినావా!"

బయటికి వచ్చినప్పుడు కృష్ణప్ప కళ్లు తడిగా ఉన్నాయి. సుద్దముక్కతో నేల మీద కోడిగుడ్డు లాంటి ఆకారం గీసి, మధ్యలో ఒక గుండ్రటి రంధ్రం గీశాడు. "లోపల ఇట్లాంటి అడ్డరేకులు మూడు ఉండాలమ్మా. నీళ్లు ఒక్కసారిగా ఒక కొసకి పోకుండా పట్టుకునేవి అవే. ఒక్కటీ లేదు! మొదలంటా కోసినారు. సగం నీళ్లతో బ్రేకు వేస్తే లోపల నీళ్లన్నీ లేచి ముందు గోడకి కొడతాయి. మలుపులో అయితే పక్కకి... బండిని ఎత్తి పడేస్తాయి."

"ఎవరు కోసినారన్నా?" అడిగింది కళ్యాణి.

"నన్నే కోయమని వచ్చినాడు, పోవడానికి నెల ముందు. 'మా అమ్మ చెప్పింది అన్నా. జనం తాగే నీళ్లు, చెయ్యి అందని మూలలు ఉండకూడదంట. పాచి పడతాదంట. ఇంట్లో బిందె తోమినట్టు తోమాలంట' అని నవ్వినాడు. నేను తిట్టి పంపించినా. మాట విన్నాడనుకున్నా తల్లీ! ఇంకెవరి దగ్గరో చేయించినాడు." సుద్ద బొమ్మ మీద నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి గీతలు గీశాడు. "పైమూతలోంచి బయటికి రావాలంటే ఇట్లా నాలుగు ముక్కలు చేసుంటారు."

కళ్యాణి ఆ బొమ్మలోని ఒక ముక్కని చూసింది. పావు చేసిన ఒబ్బట్టు, మొన దగ్గర కొరికినట్టు... ఆ ఆకారం ఆమెకి తెలుసు. ఇంటి పెరట్లో నీళ్ల సంపు మీద మూతగా పక్కపక్కన పడి ఉన్న రెండు ఇనుపరేకులు! రెండేళ్లుగా రోజూ పొద్దున ఆ రేకుల మీదే కూర్చుని గిన్నెలు తోముతోంది. అత్తగారు తోమిన గిన్నెలో వేలు తిప్పి మూలమూలా చూసి గాని లోపల పెట్టనివ్వదు. ఆ శుభ్రం చూసి తనే ఎన్నోసార్లు ముచ్చటపడింది.

తను ఏ పాపమూ చేయలేదు! ఆ ఫోన్ కాదు... ఆ ఫోన్ కాదు! రెండేళ్ల బరువు ఒక్క క్షణంలో దిగిపోయింది. మరుక్షణమే, ఆ బరువు ఎక్కడికి వెళ్లి కూర్చుంటుందో ఆమెకి కనిపించింది. అరవై ఏళ్ల తల్లి... కొడుకుని తన మడే చంపిందని తెలిస్తే బతుకుతుందా?

"అన్నా, నీకు దండం పెడతా. ఈ మాట మా అత్తకి చెప్పొద్దు. వినయ్‌కి కూడా!"

"నీ మీద పడిన నింద..."

"నాకు అలవాటయింది" అంది కళ్యాణి.

మూడు రోజులు పని జరిగింది. కమాను కట్టలు రెండు పక్కలా సమానంగా కట్టారు. కింగ్‌పిన్లు, బుష్షులు, షాకులు కొత్తవి పడ్డాయి. లోపల మూడు అడ్డరేకులు, ఈసారి మనిషి దూరి తోమేంత రంధ్రంతో. నాలుగో రోజు పొద్దున సగం నీళ్లతో చెరువుకట్ట మీదుగా నడిపి చూస్తూ, వినయ్ పక్కసీట్లో వదినని కూర్చోబెట్టుకున్నాడు. మలుపులో బ్రేకు వేశాడు. లారీ నిలిచింది... నిలిచే ఉంది! ఇద్దరూ ఊపిరి బిగబట్టి వెనకనుంచి రావలసిన ఆ తోపు కోసం ఎదురుచూశారు. రాలేదు. వినయ్ పెద్దగా నవ్వాడు. కళ్యాణి మాత్రం వెనక అద్దంలోకి చూసింది. రావద్దని మూడు రోజులుగా మొక్కినదానికి, రానందుకు గుండె ఎందుకు ఖాళీ అయిందో ఆమెకి తెలియలేదు.

ఇంటిముందు బండి ఆగింది. చౌడమ్మ గ్లాసు తెచ్చి బంపర్ మీద పెట్టింది. టీ అద్దంలా నిలిచిపోయింది. ఒక నిమిషం... రెండు నిమిషాలు... ట్యాంకులో చప్పుడు లేదు.

"నాయనా..." ఆమె పిలిచింది. "నాగేంద్రా..."

"ఏం చేసినారు నా బిడ్డని?"

"కమాన్లు మార్చినారత్తా, అంతే" అంది కళ్యాణి, నేల చూస్తూ. "బండిలో ఇంకే తప్పూ లేదంట. పెట్టె సర్దుకున్నా... సాయంత్రం బస్సుకి పోతా."

"ఏంది వదినా నువ్వు!" వినయ్ అరిచాడు. "ట్యాంకులో వెల్డింగ్ జరిగింది కదా..." కళ్యాణి చూసిన చూపుకి మిగతా మాట అతని గొంతులోనే ఆగిపోయింది.

చౌడమ్మ లేచింది. కొత్త కుండని తట్టి చూసినట్టు, వేలి కణుపులతో ట్యాంకుని ఒక చివరినుంచి తడుతూ నడిచింది. కణకణ... కణకణ... ఒకచోట దిమ్ అంది. ఆగింది. మళ్లీ నడిచింది. దిమ్... ఇంకోచోట దిమ్... మూడు చోట్ల! కొడుకు లారీ కొన్న కొత్తలో తను తట్టి విన్న చప్పుడు అదే. తోమలేని మూలలున్న చప్పుడు! ఆమె చెయ్యి ట్యాంకు మీదే ఉండిపోయింది. తల నెమ్మదిగా సందులోంచి పెరటి వైపు తిరిగింది. సంపు వైపు. దాని మీద ఉన్న ఆ రెండు రేకుల వైపు...

ముఖంలో రక్తం లేదు. "కళ్యాణీ" అంది చివరికి. రెండేళ్ల తర్వాత ఆ పేరు! "నా ముఖం చూసి చెప్పు. కృష్ణప్ప ఏమన్నాడు?"

కళ్యాణి తలెత్తింది. రెండేళ్లుగా తనని చూడని ఆ కళ్లలోకి సూటిగా చూసింది. "నా ఫోనే అత్తా... నేను ఆరోజు ఫోన్ చేయకుండా ఉండాల్సింది."

"చాలు మే!" చౌడమ్మ భోరుమంది. "నేను నీ నెత్తిన పెట్టిన రాయి రెండేండ్లు మోసినావు... ఇప్పుడు నా రాయి కూడా నువ్వే మోస్తావా? నేనే కదా కోయమనింది! ఇట్లా అవుతాదని తెలీదు తల్లీ, నాకు తెలీదు..." ఆమె అలాగే మట్టిలో కూలబడింది. కళ్యాణి పరుగున వెళ్లి పట్టుకుంది. ఏమీ అర్థంకాని వినయ్ ఇద్దరినీ పొదివి పట్టుకున్నాడు. ఎవరి ఏడుపు ఎవరిదో తెలియనంతగా ఏడ్చారు.

పెట్టె మళ్లీ అటక ఎక్కింది. సంపు మూత మారుస్తానని వినయ్ అంటే చౌడమ్మ ఒప్పుకోలేదు. "ఉండనీ. ఇంకమీదట గిన్నెలు అక్కడ కూర్చుని నేనే తోముతా" అంది.

మర్నాడు పొద్దున టీ రెండు గ్లాసుల్లో వచ్చింది. ఒకటి ఎప్పటిలా బంపర్ మీద పెట్టి, రెండోది చౌడమ్మ తన చేత్తో కోడలికి అందించింది. ఆరోజు నీళ్లకి సెలవు. ట్యాంకు పూర్తిగా పొడిగా ఉంది. ఇంజన్‌ని ఎవరూ ముట్టలేదు. వేపాకు కూడా కదలడం లేదు. కళ్యాణి సగం తాగి, చెంగు సర్దుకోవడానికి తన గ్లాసుని మొదటి గ్లాసు పక్కన పెట్టింది. రెండు గ్లాసులూ నిశ్చలంగా ఉన్నాయి.

తర్వాత, కళ్యాణి గ్లాసులో మాత్రం, నడిమధ్యన ఒక్క చిన్న వలయం పుట్టింది. మెల్లగా పెరిగి, గాజు అంచుని తాకి, ఆరిపోయింది.

కళ్యాణి చూసింది. చౌడమ్మ చూసింది. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"చల్లారిపోతాది" అంది చౌడమ్మ, చాలా మెల్లగా. "తాగు తల్లీ."